ఒక్క గడి తెలిస్తే చాలు: శ్రీశ్రీ ఆడిన మాటల ఆట

పెన్సిల్ అక్కర్లేదు, మనసులోనే చేసేయండి. రెండే రెండు ఆధారాలు.

అడ్డం, మూడు గడులు: రాత్రీ గ్రామమూ కలిస్తే కృష్ణుడు పెరిగిన చోటు.

నిలువు, మూడు గడులు: బాగులో సగం, దాని వెనకే ఎడల. సూర్యలంక బీచ్‌కి వెళ్లాలంటే ఈ ఊళ్లో దిగాలి.

మొదటిది వచ్చేసిందా? రాత్రికి ఇంకో మాట 'రే'. రేచీకటిలో ఉన్న రే అదే. గ్రామం అంటే పల్లె. కలిపితే రేపల్లె. రెండోది ఇంకా తట్టకపోతే కంగారు పడకండి. ఈ రెండు మాటలూ మధ్య గడిలో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అంటే రేపల్లెలోని 'ప'నే నిలువు జవాబుకీ నడిమి అక్షరం. ఇప్పుడు చూడండి. బాగులో సగం 'బా'. ఎడల అంటే 'పట్ల'. బాపట్ల!

క్రాస్‌వర్డ్ మొత్తం కిటుకు ఇంతే. రానిదాని ముందు కూర్చుని తల పట్టుకోవడం కాదు, వచ్చిన గడి దగ్గర మొదలుపెట్టి దాని సాయంతో పక్కదానికి వెళ్లడం.

ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. బాపట్లలో ఇంజినీరింగ్ ఫైనలియర్లో ఉండగా ఓ కంపెనీ రాతపరీక్షలో వెర్బల్ సెక్షన్ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. అది తేలితే గానీ రెండోదానికి వెళ్లకూడదన్నట్టు మొండికేశాను. టైమ్ అయిపోయింది, లిస్టులో నా పేరు లేదు. ఆ వారం అమ్మమ్మ వాళ్ల ఊరు రేపల్లె బయల్దేరాను. బాపట్ల నుంచి రైల్లో రేపల్లె వెళ్లాలంటే తెనాలిలో మారాలి. స్టేషన్‌కి తాతయ్య ఎదురొచ్చారు. వేమూరు, భట్టిప్రోలు దాటుతుండగా ఆయన పేపర్లో పజిల్ నింపుతున్నారు. ఒకటో ఆధారం చదివి వదిలేశారు. రెండోదీ అంతే. ఏడోది రాయగానే ఒకటోది దానంతటదే తేలిపోయింది. రేపల్లె వచ్చేసరికి నాలుగు గడులే ఖాళీ. ఆ ప్రయాణంలోనే ఆయన ఓ మాట చెప్పారు, నేను నమ్మలేదు. శ్రీశ్రీ కూడా ఇలాంటి పజిళ్లు కూర్చేవారట!

నాకు తెలిసిన శ్రీశ్రీ వేరు. నిప్పులు కక్కే కవిత్వం, గోడల మీద నినాదాలు, చేతిలో సిగరెట్. ఆ మనిషికీ ఈ నలుపు తెలుపు గడులకీ ఏంటి సంబంధం? ఆ ప్రశ్న పట్టుకుని ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాను.

జువాలజీ కుర్రాడు

శ్రీశ్రీ 1910లో విశాఖపట్నంలో పుట్టారు. కన్నది పూడిపెద్ది వారింట. దత్తత వెళ్లింది శ్రీరంగం వారింటికి. అలా శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. ఇంటిపేరులో ఒక శ్రీ, సొంత పేరులో ఒక శ్రీ. రెండూ తీసి పక్కపక్కన పెట్టుకుంటే శ్రీశ్రీ. ఆలోచిస్తే అది కూడా రెండు గడుల పజిల్ జవాబులాగే ఉంటుంది.

చిన్నప్పటి నుంచీ పద్యాలు కట్టారు. 1928లో తొలి పుస్తకం 'ప్రభవ' వచ్చేనాటికి ఆయనకి పద్దెనిమిదేళ్లే. అందులో ఉన్నది పాత పద్ధతి ఛందస్సు. అంటే గణాలు, యతి, ప్రాస. ఈ స్థానంలో ఈ అక్షరమే రావాలి, ఇక్కడ గురువు, అక్కడ లఘువు అన్న లెక్క. తర్వాత ఆయన ఆ సంకెళ్లను తెంచుకున్నారని అందరికీ తెలుసు. కానీ తెంచుకునే ముందు వాటిని బాగా సాధన చేశారన్నది మనం మర్చిపోతాం. అక్షరానికి అక్షరం కొలిచి కూర్చడం అప్పుడే అలవాటైంది.

ఇక చదువు సంగతి. తెలుగు సాహిత్యం కాదు, జువాలజీ! మద్రాసులో బీఏ చేసి 1931లో బయటికొచ్చారు. అదేం మంచి సమయం కాదు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉంది. డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. ఇప్పుడు మనలో చాలామందికి పరిచయమైన సీనే. 1935లో విశాఖలోని ఏవీఎన్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరారు. పగలు ల్యాబ్, మిగతా సమయమంతా కవిత్వం. మనం ఇవాళ మహాప్రస్థానం పేరుతో చదివే గీతాల్లో చాలా భాగం ఆ 1930ల ఆకలి రోజుల్లో రాసినవే.

రెజ్యూమె రాస్తే ఎలా ఉండేదో

1938లో మద్రాసు వెళ్లి ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్ అయ్యారు. ఆ తర్వాత ఢిల్లీ ఆకాశవాణి, కొన్నాళ్లు మిలిటరీ, కొన్నాళ్లు నిజాం రాజ్యంలో కొలువు, మళ్లీ ఆంధ్రవాణిలో పత్రికా రచన. ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు. ఇవాళ ఏ హెచ్ఆర్ ముందైనా ఆ రెజ్యూమె పెడితే, ఇన్ని జంపులేంటని మొదటి ప్రశ్న వచ్చేది. ఆయన ఆత్మకథ 'అనంతం' చదివితే తెలుస్తుంది, తన జీవితాన్ని అందంగా సర్ది చూపించాలన్న కోరిక ఆయనకి అస్సలు లేదు. తప్పులూ దాచుకోలేదు.

కానీ ఒక్కటి గమనించండి. ఉద్యోగాలు మారాయి, చేసిన పని మారలేదు. వార్తకి హెడ్డింగ్ పెట్టాలంటే కాలమ్ వెడల్పులో పట్టే మాట వెతకాలి. రేడియోకి రాయాలంటే వినగానే అర్థమయ్యే మాట వెతకాలి. ప్రతిచోటా ఇచ్చిన కొలతలో సరిగ్గా కూర్చునే మాటని పట్టుకోవడమే ఆయన పని.

మన ప్రాంతానికీ ఆయన కవిత్వానికీ ఓ లింకుంది. అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ 1943లో తాపీ ధర్మారావు అధ్యక్షతన జరిగింది తెనాలిలోనే. అప్పటికి మహాప్రస్థానం పుస్తకంగా రాలేదు. అయినా పత్రికల్లో వచ్చిన ఆ గీతాలు ఆ తరం రచయితలకి దారి చూపించాయి. ఆ పుస్తకానికి యోగ్యతాపత్రం రాసిన చలం పెరిగింది కూడా తెనాలిలోనే.

1950: పుస్తకం ఒకటి, పెదవుల లెక్క ఒకటి

1950లో మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది. అప్పటికి శ్రీశ్రీకి నలభై ఏళ్లు. తెలుగు కవిత్వాన్ని మలుపు తిప్పిన పుస్తకం అది. మరి ఆయనకి అన్నం పెట్టింది అదేనా? కాదు. అదే ఏడాది ఆయన ఇంకో పని చేశారు. హిందీ 'నీరా ఔర్ నందా'ని తెలుగులోకి తెచ్చిన 'ఆహుతి'కి మాటలూ పాటలూ రాశారు. తెలుగులో తొలి డబ్బింగ్ సినిమాగా చెప్పుకునేది దాన్నే.

డబ్బింగ్ రాయడమంటే ఏంటో ఒక్క క్షణం ఊహించుకోండి. తెర మీద నటుడు హిందీలో మాట్లాడేశాడు. పెదవులు కదిలిపోయాయి, వాటిని మార్చలేం. వాటిపైన తెలుగు కూర్చోవాలి. ప, బ, మ లాంటి అక్షరాలు పలకాలంటే రెండు పెదవులూ మూతపడాలి. కాబట్టి తెరపై పెదవులు మూసుకున్న చోట తెలుగులోనూ ఆ జాతి అక్షరమే పడాలి. నోరు తెరిచి ఉన్నచోట 'ప' పడితే ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు. హిందీ మాటలు చాలావరకు హల్లు దగ్గర టక్కున ఆగిపోతాయి. మన మాటలేమో అచ్చుతో సాగుతాయి. నిడివి సరిపోవాలి, భావం చెడకూడదు, వింటే తెలుగులా ఉండాలి.

మన మొదటి పజిల్ గుర్తుచేసుకోండి. రేపల్లె, బాపట్ల కలిసేచోట 'ప' తప్ప ఇంకోటి పట్టదు. డబ్బింగ్ రచయితకి అలాంటి గడులు ప్రతి వాక్యంలోనూ ఉంటాయి. అడ్డం అర్థం, నిలువు పెదవుల కదలిక. రెండింటికీ సరిపోయే అక్షరం కావాలి. ఇది చదివినప్పుడే నాకు తాతయ్య మాట మీద నమ్మకం కుదిరింది. పజిళ్లు ఆయనకి ఖాళీ సమయంలో పుట్టిన సరదా మాత్రమే కాదు. చేతిలో ఉన్న పనిముట్టుతోనే ఆడిన ఆట.

ఆ తర్వాత ఎన్నో సినిమాలకి, డబ్బింగ్‌వీ నేరుగా తీసినవీ, మాటలూ పాటలూ రాశారు. అంత పెద్ద కవి ఇలాంటి పనులు చేయడమేంటని అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో పాటకి ఆయన జాతీయ అవార్డు అందుకున్నారు. కూటి కోసం పట్టుకున్న పనిలోనూ మాట నాణ్యత తగ్గనివ్వలేదనడానికి అదో గుర్తు.

పదబంధ ప్రహేళిక

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. క్రాస్‌వర్డ్ పుట్టింది 1913 డిసెంబర్ 21న. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికా వెళ్లిన ఆర్థర్ విన్ అనే జర్నలిస్టు 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక ఆదివారం అనుబంధం కోసం వజ్రం ఆకారంలో ఓ గడుల పట్టిక గీశాడు. దానికి వర్డ్‌క్రాస్ అని పేరు పెట్టాడు. కొన్ని వారాలకి ఆ రెండు ముక్కలూ అటూ ఇటూ అయి క్రాస్‌వర్డ్‌గా స్థిరపడింది. ఆటకి తగ్గట్టే పేరు కూడా తారుమారైంది!

ఆ ఆటని శ్రీశ్రీ తెలుగు పత్రికల్లో 'పదబంధ ప్రహేళిక' అన్నారు. ఆయన బంధువే అయిన ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' అన్నారు. ప్రహేళిక అంటే చిక్కుప్రశ్న, పొడుపు. పదబంధం అంటే మాటల కట్టు. రెండు పేర్లూ అచ్చం మనవే అనిపిస్తాయి. ఎందుకంటే ఆట మనకి కొత్తదైనా అలవాటు పాతది. పాత కవులు పద్యంలోని అక్షరాలని పాము ఆకారంలో, చక్రం ఆకారంలో అమర్చి, ఒకే అక్షరాన్ని రెండు వరుసలకీ వాడుకునేలా బంధకవిత్వం రాశారు. అవధానంలో పృచ్ఛకుడు ఈ అక్షరం వాడొద్దంటే అది లేకుండానే పద్యం చెప్పాలి. తెనాలి రామకృష్ణుడి బిరుదు వికటకవిని ఐదు గడుల్లో రాసి చూడండి, ఎటు నుంచి చదివినా అదే.

శ్రీశ్రీ ఈ ఆటని అక్కడితో ఆపలేదు. ఇంగ్లిష్ లిమరిక్‌ని తెచ్చి లిమఋక్కు అన్నారు. ప్రాసక్రీడలు ఆడారు. సిరిసిరిమువ్వ శతకం రాశారు. ఈ మూడూ కలిసిందే 'సిప్రాలి'. ఆ పేరు కూడా మూడింటి మొదటి అక్షరాల కూర్పే. మరోపక్క 1970లో విప్లవ రచయితల సంఘానికి తొలి అధ్యక్షుడయ్యారు. 1972లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంత గంభీరమైన మనిషికి ఇంత ఆటేంటని మనకి అనిపిస్తుంది. ఆయనకి మాత్రం ఆ రెండూ వేర్వేరు గదులు కావు. 1983 జూన్ 15న మద్రాసులో కన్నుమూశారు.

మరి మనం ఎలా మొదలుపెట్టాలి?

ముందు తెలుగు గడి లెక్క తెలుసుకోండి. ఇంగ్లిష్‌లో గడికో లెటర్. మనకి గడికో అక్షరం. ఒత్తు, గుణింతం, సున్నా అన్నీ కలిసి ఒకే గడి. 'స్త్రీ' ఒక గడి. నేను సరదాగా తెలుగు పజిల్ యాప్ రాయబోయి ఇక్కడే బోల్తా పడ్డాను. రేపల్లె పొడవెంత అని అడిగితే ప్రోగ్రామ్ 7 అంది. యూనికోడ్‌లో ర, ఏత్వం, ప, ల, పొల్లు, ల, ఎత్వం అన్నీ విడివిడి సంకేతాలు మరి. కంటికి 3, కంప్యూటర్‌కి 7. ఒక్క 'స్త్రీ'లోనే ఆరు ఉంటాయి. అక్షరాలను లెక్కపెట్టే కోడ్ విడిగా రాసుకున్నాకే పజిల్ కుదిరింది.

రెండోది, ఆధారాన్ని రెండు ముక్కలుగా విడదీయండి. చాలా ఆధారాల్లో ఒక ముక్క అర్థం చెబుతుంది, రెండోది తయారీ చెబుతుంది. 'తిరగబడ్డ శిరస్సు తీగైంది, రెండు గడులు' అంటే? శిరస్సు అంటే తల. తిరగేస్తే లత. తీగ అన్నది అర్థం, తిరగబడ్డ శిరస్సు అన్నది తయారీ.

మూడోది, సంకేత పదాలు పట్టుకోండి. తిరిగి, వెనక్కి, ఎదురుగా అన్నాయంటే మాటని తిప్పాలి. పలకని తిప్పితే కలప వస్తుంది. పడకని తిప్పితే కడప వస్తుంది. తారుమారు, చెల్లాచెదురు, తడబడి అంటే అక్షరాలు కలిపేయాలి. తల లేని అంటే మొదటి గడి తీసేయాలి. తోక తెగిన అంటే చివరిది తీసేయాలి. తల తీసిన రేపల్లె ఏమవుతుంది? పల్లె అవుతుంది. ఎటు చూసినా ఒకటే అంటే నటన, జలజ, పులుపు లాంటి మాట కోసం వెతకాలి.

నాలుగోది, చివరి గడి మీద కన్నేయండి. ఆధారం బహువచనంలో ఉంటే జవాబు చివర 'లు' ఉండే అవకాశం ఎక్కువ. పెన్సిల్‌తో లేతగా రాసి పెట్టుకోండి. నిలువు మాట దాన్ని ఒప్పుకుంటే ఉంచండి, లేకపోతే చెరిపేయండి. చెరపడం తప్పు కాదు, ఆటలో భాగమే.

ఐదోది, పర్యాయపదాలు పెంచుకోండి. నీళ్లకి, ఏనుగుకి, తామరకి, చంద్రుడికి ఎన్ని పేర్లున్నాయో ఓ నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి. ఆన్‌లైన్‌లో ఆంధ్రభారతి నిఘంటువు ఉంది, ఒక్క మాట కొడితే బ్రౌన్ నిఘంటువుతో సహా చాలావాటిలో అర్థాలు వస్తాయి. అయితే ముందు మీరు ప్రయత్నించి, తర్వాతే వెతకండి.

చివరగా, వారానికోసారి సొంతంగా ఓ చిన్న పజిల్ కూర్చండి. ఐదు అడ్డం, ఐదు నిలువు గడులు చాలు. మీ ఊళ్ల పేర్లతోనే మొదలుపెట్టండి. ఒక్కటి కూర్చి చూస్తే, కూర్చేవాళ్లు ఎలా ఆలోచిస్తారో తెలిసిపోతుంది.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా?

నేరుగా రాదు. వస్తుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 జనవరిలో బ్రిటన్‌లో 'డైలీ టెలిగ్రాఫ్' పత్రిక క్రాస్‌వర్డ్‌ని పన్నెండు నిమిషాల్లో పూర్తి చేసే పోటీ పెట్టింది. అందులో నెగ్గుకొచ్చిన కొందరిని తర్వాత శత్రువుల రహస్య సందేశాలు ఛేదించే బ్లెచ్లీ పార్క్‌లోకి తీసుకున్నారు. అలాంటి కబురు మనకి వస్తుందని ఎదురుచూడనక్కర్లేదు. వచ్చే లాభం చిన్నది, కానీ గట్టిది. రాని ప్రశ్న దగ్గర బిగుసుకుపోకుండా పక్కదానికి వెళ్లి మళ్లీ దానికే తిరిగి రావడం అలవాటవుతుంది. తర్వాతి రాతపరీక్షలో నేను చేసింది అదే. ఈసారి లిస్టులో పేరుంది. ఇప్పటికీ ఆఫీసులో ఓ బగ్ దొరక్కపోతే, ఖాయంగా తెలిసిన లైన్ దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి మొదలుపెడతాను.

జువాలజీ ల్యాబ్, న్యూస్ డెస్క్, రేడియో, మిలిటరీ, డబ్బింగ్ థియేటర్. శ్రీశ్రీ బతుకులో ఇవన్నీ విడివిడి గడుల్లా కనిపిస్తాయి. రాసేటప్పుడు ఏ గడి దేన్ని దాటుతుందో ఆయనకీ తెలిసుండదు. డిగ్రీకీ ఉద్యోగానికీ పొంతన కుదరక ఇవాళ దిగాలుపడుతున్న ఫ్రెండ్ మీకుంటే, ఈ కథ ఒక్కసారి చెప్పండి.

తాతయ్య ఇప్పుడు లేరు. తెనాలి ప్లాట్‌ఫాం మీద రేపల్లె బండి కోసం ఆగినప్పుడల్లా ఆయన బదులు నేను పేపర్ మడతపెట్టి గడులు నింపుతాను. వెళ్లే ముందు మీకో ఆధారం వదిలి వెళ్తున్నా. జవాబు చెప్పను.

అడ్డం, మూడు గడులు: తెల్లనిదాని మధ్యలో నాది దూరితే వికటకవి ఊరు.